మూడు పిన్నుల మీద గోళ్ళరంగు

ఫిబ్రవరి 14, 1999. ఆదివారం

కరెంటు 218. గది వేడి 27. వేలు ఇరవై.

హరినాథ్ గారి రక్తపరీక్షల ల్యాబులో కొత్త కంప్యూటర్ మిషన్ పెట్టి వచ్చాను. ఆన్ చేయగానే నల్ల తెర మీద 450 అని పడింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివారు. "నాలుగు వందల యాభయ్యా! తిరుపతిలో ఎంతమందికి ఉండాదప్పా ఇది?" అన్నారు. నేను తల ఊపాను.

ప్రాసెసర్ మీద రాసి ఉండే వేగం 300. దాని ఒక పిన్ను మీద చిన్న టేపు ముక్క అంటిస్తే బోర్డు దాన్ని 450 మీద తోలుతుంది. మద్రాసు రిచీ స్ట్రీట్‌లో విడిభాగాలు అమ్మినతను దీని గురించి ప్రింటౌట్ కూడా ఇచ్చాడు. డిక్షనరీ పక్కన పెట్టుకుని నాలుగు రోజులు చదివాను. ఖరీదైన బోర్డుల్లో వోల్టేజి మనమే పెంచుకోవచ్చునట. ఈ చవక బోర్డులో ఆ వీలు లేదు. ప్రాసెసర్ రెండు వోల్టులు అడుగుతుంది, బోర్డు రెండు వోల్టులు ఇస్తుంది. 450కి రెండు చాలకపోవచ్చునని అందులో ఉంది. నాకు చాలింది. నా అంగడిలో పన్నెండు గంటలు తోలి చూశాను. ఎక్కడా ఆగలేదు.

తెర మీద పడింది నిజమే. అది 450 మీదే నడుస్తోంది. నేను అబద్ధం చెప్పలేదు. నన్ను ఎవరూ అడగలేదు.

మా వీధి చివర ఉండే సంతోషమ్మ కూతురు నిస్సిని అక్కడ ఆపరేటరుగా పెట్టించాను. పోయిన ఏడాది నా అంగడిలోనే టైపు నేర్చుకుంది. కీబోర్డు వైపు చూడకుండా కొడుతుంది. "నమ్మకమైన పిల్లేనా?" అని హరినాథ్ గారు అడిగితే "నాదీ పూచీ సార్" అన్నాను. ఇంతవరకు ఎవరికీ ఆ మాట అనలేదు.

ఫిబ్రవరి 22

కరెంటు 221. వేడి 28. వేలు ఇరవై.

సంతోషమ్మ ఇళ్ళల్లో పాచిపని మానేసిందట. వీధిలో ఎదురై దండం పెట్టింది. నాకు బాగుండలేదు. పక్కకు తప్పుకున్నాను.

మార్చి 16

వేడి 33. వేలు పదిహేను.

నెలకు రెండుసార్లు ల్యాబుకు పోయి మిషన్ మూత తీసి చూసుకుంటున్నాను. రేడియోలు బాగుచేసిన రోజుల నుంచి ఇదే నా థర్మామీటరు. వేడెక్కే దాని మీద చూపుడువేలు పెట్టి, తీయకుండా ఎంతదాకా లెక్కపెట్టగలనో అంత. పదికి పైన ఉంటే భయం లేదు.

నిస్సి నవ్వింది. "ఏం మునన్నా, మిషనుకు జొరం చూస్తాండావా?" అంది. "అందరి రక్తం ఈడికొస్తే, నువ్వు దాని నాడి పట్టుకోని కూసున్నావు."

ఏప్రిల్ 12. సోమవారం

కరెంటు 196. వేడి 39. వేలు తొమ్మిది.

హరినాథ్ గారు మనిషిని పంపారు. ఒక గర్భిణి పేరు కొడితే ఇంకెవరో ముసలాయన రక్తం సంఖ్యలు వచ్చాయి. ఆ అమ్మాయి తల్లి రిపోర్టు చదివి, వయసు అరవై ఎనిమిది అని చూసి నవ్వుతూ వెనక్కి తెచ్చిందట. నవ్వులోనే పోయింది.

ఏమిటో తెలిసింది. పేషెంట్ల వివరాలు ఒక ఫైలులో ఉంటాయి. ఎవరిది ఎక్కడుందో చూపే వరస ఇంకొక ఫైలులో ఉంటుంది. ఆ వరస చెడితే ఒకరి పేరు పిలిస్తే ఇంకొకరు పలుకుతారు. వరస ఫైలు తీసేసి కొత్తగా కట్టించాను. రెండు నిమిషాల పని. అన్నీ సర్దుకున్నాయి.

వరస ఎందుకు చెడిందని ఆయన అడిగారు. లో వోల్టేజి సార్, కరెంటు చూడండి 196 ఉంది అన్నాను. కరెంటు 196 ఉన్న మాట నిజం.

ల్యాబులో ఏసీ రక్తం మిషన్ ఉండే లోపలి గదికే. నిస్సి కూర్చునేది ముందు గది. పైన రేకులు. నేను ఫిబ్రవరిలో పరీక్ష చేశాను.

ఏప్రిల్ 13

వేలు తొమ్మిది.

ఏప్రిల్ 19

వేడి 40. వేలు ఎనిమిది. మళ్ళీ వరస చెడింది. కట్టించాను. ఈసారి ఎవరికీ తప్పు రిపోర్టు పోలేదు, నిస్సి ముందే పట్టుకుంది. అయినా హరినాథ్ గారు ఆమెనే కోప్పడ్డారు. "కండ్లు యాడ పెట్టుకోని కొడతాండావు మే?" అన్నారు. ఆమె నా వైపు చూసింది. నేను స్క్రూలు బిగిస్తున్నాను.

ఇంటికొచ్చి ప్రింటౌట్ మళ్ళీ చదివాను. పొరపాట్లు కనిపిస్తే రెండే దార్లు అని ఉంది. వోల్టేజి పెంచు, లేదా వేగం దించు.

దించడం అర నిమిషం పని. టేపు ముక్క పీకేస్తే చాలు. కానీ మరుసటి రోజు ఉదయం తెర మీద 300 అని పడుతుంది. హరినాథ్ గారు రోజూ ఉదయం మిషన్ ఆన్ చేసి 450 అని చదువుకుంటారని నిస్సి చెప్పింది. వచ్చిన డాక్టర్లకు కూడా చూపిస్తారట.

పెంచడానికి బోర్డులో వీలు లేదు. కానీ ప్రాసెసర్ చేతనే ఎక్కువ అడిగించవచ్చునట. అది ఎంత వోల్టేజి కావాలో కొన్ని పిన్నుల ద్వారా బోర్డుకు చెబుతుంది. వాటిలో మూడింటిని రంగుతో మూసేస్తే రెండు బదులు రెండు పాయింట్ రెండు అని చెబుతుంది. బోర్డు నమ్మి ఇచ్చేస్తుంది.

వేడి ఇంకా పెరుగుతుంది. బోర్డు మీద వోల్టేజిని నిలకడగా ఉంచే కెపాసిటర్లు చవకవి. ఇంకొక వారం చూద్దాం. ఒక వాన పడితే చాలు.

ఏప్రిల్ 21

వాన లేదు.

ఏప్రిల్ 23

ల్యాబుకు పోలేదు. వేరే పనులున్నాయి.

ఏప్రిల్ 24

వేలు ఏడు. వరస కట్టించాను. ఎవరూ అడగకముందే కట్టించి వచ్చేశాను. ఇక మిషన్ దగ్గర కూర్చోగానే మొదట అది చేయడం అలవాటుగా పెట్టుకోవాలి.

మే 6. గురువారం

పోయేసరికి ల్యాబు ముందు ఆరేడుగురు ఉన్నారు. చంద్రగిరి దాటి లోపలికి ఉండే పల్లె వాళ్ళు. చిన్నబ్బ అనే రైతుకు గడ్డపార తగిలి కాలికి పుండు పడింది. ఏప్రిల్ 26న ఈ ల్యాబులోనే సుగర్ చూపించుకున్నాడు. రిపోర్టులో 104 అని ఉంది. సుగర్ లేదు కదా అని మామూలు మందు రాసి పంపారు. పుండు పైకి పాకింది. నిన్న మోకాలి కింద కాలు తీసేశారు. ఆసుపత్రిలో చూస్తే సుగర్ మూడు వందలు దాటి ఉందట.

అతని భార్య కుప్పమ్మ మెట్టు మీద కూర్చుని ఉంది. రిపోర్టు కాగితం నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుంది. ఏడవడం లేదు. అల్లుడే అరుస్తున్నాడు.

నేను లోపలికి పోయి మిషన్ ముందు కూర్చుని వరస కట్టించాను. అలవాటు. దాని గురించి ఇంకేం రాయాలి.

తరువాత హరినాథ్ గారు వచ్చి చిన్నబ్బ పేరు కొట్టమన్నారు. 312 అని వచ్చింది. లోపలి గదిలో టెక్నీషియన్ చేత్తో రాసుకునే పుస్తకం తెప్పించారు. అందులోనూ 312. కుప్పమ్మ చేతిలోని కాగితంలో 104.

ఆయన చాలాసేపు మూడూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. తరువాత నిస్సిని పిలిచారు.

"పుస్తకంలో మూడు వందల పన్నెండు. కంప్యూటర్లో మూడు వందల పన్నెండు. నువ్వు ఇచ్చిన కాగితంలో నూటా నాలుగు. అంటే మొదట తప్పు కొట్టినావు. కాలు పోయిందని తెల్సినాక లోపల మార్చినావు. అంతే కదా?"

"లేదు సార్. నేను మార్చలేదు. మొదటే మూడు పన్నెండు కొట్టినాను."

"మరి నూటా నాలుగు యాడ్నుంచి వచ్చింది మే? ఆకాశం నుంచి పడిందా?"

ఆమెకు తెలియదు.

నాకు తెలుసు. పది నిమిషాల ముందు ఎవరైనా ఆ పేరు కొట్టి ఉంటే 104 అనే వచ్చేది. చిన్నబ్బ పేరు కింద ఇంకెవరి వయసో, ఇంకెవరి సంఖ్యలో వచ్చేవి. మిషన్ తప్పని అందరికీ కనబడేది. దాన్ని నేను సర్దేశాను.

"వెంకటమునీ, నువ్వు చెప్పు. మిషన్‌లో ఏమన్నా ఉండాదా?" అన్నారు హరినాథ్ గారు.

"చూస్తాను సార్" అన్నాను.

మే 7

నిస్సి సాయంత్రం అంగడికి వచ్చింది. స్టూలు మీద కూర్చోలేదు. గడప దగ్గరే నిలబడింది.

"మునన్నా, ప్రింటు తీసినప్పుడు కింద వయసూ అదీ సరిచూసుకోల్ల. ఆ పొద్దు జనం ఎక్కువుండి చూసుకోలేదు. అది నా తప్పే. కానీ లోపల ఏమీ మార్చలేదన్నా. నిన్ను ఒకటి అడగల్ల. మిషను దానంతట అది తప్పు చేస్తాదా?"

నేను ఒక టేప్‌రికార్డరు విప్పి ఉన్నాను. సాల్డరింగ్ చేస్తున్న చోటు నుంచి తల ఎత్తలేదు.

"మిషను తప్పు చెయ్యదమ్మా. మనం కొట్టిందే చూపిస్తాది."

"అంతేనా?"

"అంతే."

"నువ్వు చెప్తే సరేన్నా" అంది. గడప దిగి వెళ్ళిపోయింది.

రేపు ఎలాగైనా మిషన్‌ను సరిచేస్తాను. తప్పులు ఆగిపోతే హరినాథ్ గారి కోపం కూడా చల్లారుతుంది. ఆమె ఉద్యోగం నిలుస్తుంది. ముందు చేయాల్సింది అది. చెప్పడం వల్ల కాలు తిరిగి రాదు.

మే 8. శనివారం

గోవిందరాజస్వామి గుడి వీధిలో గాజులంగడిలో గోళ్ళరంగు కొన్నాను. ఎర్రది. అంగట్లో ఆమె "ఏ రంగు కావల్లబ్బా? పెండ్లాం చేతులు తెలుపా నలుపా?" అని అడిగింది. ఏదైనా పరవాలేదు, గట్టిగా పట్టుకునేది ఇవ్వమన్నాను. పక్కనున్న వాళ్ళంతా నవ్వారు.

చొక్కా జేబులో శకుంతలకు దొరికింది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో నేను ఆమెకు అలాంటిది ఏదీ తేలేదు. "ఎవురికయ్యా ఇది?" అని అడిగింది. నేను చెప్పేలోగా మూత తీసి చిటికెనవేలికి పూసుకుంది. "బాగుండాది" అంది. మిషన్‌కని చెప్పాను. ఆమె మూత పెట్టేసి సీసా నా ముందు పెట్టింది. ఆ వేలిని చీర చెంగుతో తుడుచుకుంటూ లోపలికి పోయింది. రంగు పోలేదు.

ల్యాబుకు పోయేసరికి నిస్సి కుర్చీ ఖాళీగా ఉంది. పొద్దున్నే పంపేశారట. చిన్నబ్బ అల్లుడి ముందు, జనం ముందు పంపారట. "తప్పు చేసినా మన్నించేవాణ్ణి. మార్చినావు చూడు, అది దొంగతనం" అన్నారట. టెక్నీషియన్ చెప్పాడు.

మే 9. ఆదివారం

ల్యాబు సెలవు. తాళం నా దగ్గర ఉంది.

ప్రాసెసర్ పలకను బయటికి తీశాను. పిన్నులు వెంట్రుకంత దూరంలో ఉంటాయి. అగ్గిపుల్ల కొన చెక్కి, రంగులో ముంచి, మూడు పిన్నుల మీద పెట్టాను. గంటసేపు ఆరనిచ్చాను. ఇంకొక ఫ్యాను బిగించాను.

మల్టీమీటరు పెట్టి చూశాను. 2.19. అడిగింది, ఇచ్చింది.

వేడి 41. వేలు ఆరు.

పొద్దున నుంచి సాయంత్రం దాకా పేర్లన్నీ పిలిపించాను. నాలుగు వేల పైచిలుకు పేర్లు, మూడు సార్లు. ఒక్కటి కూడా తప్పు పలకలేదు.

ఏప్రిల్ 19నే ఇది నాకు తెలుసు.

మే 10

తప్పులు లేవు.

మే 11

తప్పులు లేవు.

మే 12

తప్పులు లేవు.

మే 20

తప్పులు లేవు. కొత్త ఆపరేటరుగా జయచంద్ర అనే అతను వచ్చాడు. రెండు వేళ్ళతో వెతుక్కుంటూ కొడతాడు. మధ్యలో బీడీకి లేస్తాడు.

హరినాథ్ గారు భుజం మీద చెయ్యి వేశారు. "చూసినావా వెంకటమునీ. ఆ పిల్ల పోయింది, తప్పులూ పోయినాయి. ఇంతకంటే రుజువు ఏం కావల్ల? నేనే మిషన్‌ను అనుమానపడినాను" అన్నారు. కాఫీ తెప్పించారు. తాగాను.

మే 21

తాగకుండా ఉండాల్సింది.

జూన్ 2

వేడి 38. తప్పులు లేవు.

ఒక ఆలోచన వచ్చింది. రంగు తుడిచేస్తే వోల్టేజి మళ్ళీ రెండుకు దిగుతుంది. వారంలో వరస చెడుతుంది. నిస్సి లేకుండానే తప్పు రిపోర్టు వస్తుంది. అప్పుడు ఆమె తప్పు కాదని వాళ్ళంతట వాళ్ళకే తెలుస్తుంది. నేను నోరు తెరవనక్కర లేదు.

మిషన్ మూత స్క్రూలు రెండు తీశాను. అప్పుడే ఒకామె చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చి బల్ల మీద కూర్చుంది. బిడ్డ చేతికి దూది అంటించి ఉంది.

స్క్రూలు బిగించేశాను.

జూన్ 11

వాన. వేడి 31.

మే 7న ఆమె అడిగినప్పుడు సాల్డరింగ్ పనిలో ఉన్నాను. సరిగా వినబడి ఉండదు.

వినబడింది.

జూన్ 19. శనివారం

సంతోషమ్మ రేడియో తెచ్చింది. స్టేషన్ నిలవడం లేదట. ట్యూనింగ్ దారం జారింది. ఆమె ముందే బాగుచేశాను. చేతులు పగిలి ఉన్నాయి. మళ్ళీ పాచిపనికి పోతోంది.

నేను అడగలేదు. ఆమే చెప్పింది.

"మా నిస్సి ఇంక కంప్యూటరు ముట్టను అంటాదప్పా. మొన్న ఒక జిరాక్సంగడోళ్ళు రమ్మన్నారు. పోయింది. కీబోర్డు మింద చేతులు పెట్టినాక ఒక్క అక్షరం కొట్టలేకపోయిందంట. లేచొచ్చేసింది."

"ఎందుకు?"

"ఎందుకేముంది. మొదట్లో నేను చెయ్యలేదు నేను చెయ్యలేదు అని ఏడిసేది. ఇప్పుడు ఏమంటాదో తెల్సునా? 'మిషను తప్పు చెయ్యదని మునన్న చెప్పినాడు మా. అంటే నేనే చేసినాను. లోపల మార్చింది కూడా నేనేనేమో, భయానికి మార్చి మర్చిపోయినానేమో' అంటాది. దానికి దాని బుద్ధి మిందే నమ్మకం పోయిందప్పా."

రేడియోలో ఏదో పాట వచ్చింది. ఆమె సంతోషపడింది.

"ఆదివారం గుళ్ళో ప్రార్థన అయినాక ఆ కాలు పోయినాయన ఇంటికి పోతాది. కట్టు మార్చి వస్తాది. పోవద్దంటే వినదు. మొదటి వారం ఆయన పెండ్లాం చీపురెత్తుకోని తరిమిందంట. మళ్ళీ పోయింది. ఇప్పుడు ఏమీ అనరంట. నీళ్ళు కాంచి పెడతారంట."

రేడియో ఇచ్చి పంపాను.

జూన్ 20

పని ఎక్కువగా ఉంది.

జూన్ 21

పని ఎక్కువగా ఉంది. ఏ పని అంటే చెప్పలేను. ఒక టేప్‌రికార్డరు విప్పి మళ్ళీ బిగించాను. అది బాగానే ఉండింది.

జూన్ 27. ఆదివారం

వేలు ఏడు. ప్రాసెసర్ పక్కన ఒక కెపాసిటరు తల ఉబ్బింది. ఎక్కువ వోల్టేజిని మోయడం దీని వల్ల కాదు. ఇంకొక నెలో, రెండు నెలలో. అది పోతే మళ్ళీ పేర్లు తారుమారవుతాయి. ఈసారి ఎవరి కాలో.

ఉబ్బిన దాన్ని మార్చాను. రంగు పూసిన ప్రాసెసర్ తీసి జేబులో వేసుకున్నాను. అంగడిలో ఉన్న ఇంకొకటి, టేపూ రంగూ లేనిది, పెట్టాను. 2.01. వేలు ఇరవై దాటింది. ఆపేశాను, ఇంకా లెక్కపెట్టవచ్చు.

ఆన్ చేస్తే తెర మీద 300 అని పడింది.

జూన్ 28

పొద్దున్నే ల్యాబుకు పోయి నిలబడ్డాను. హరినాథ్ గారు మిషన్ ఆన్ చేశారు. 300 అని పడింది. ఆయన పేపరు చదువుకుంటున్నారు.

జూన్ 30

మూడు రోజులైంది. ఎవరూ చూడలేదు. జయచంద్రను అడిగాను, మిషన్ ఏమన్నా నిదానమైందా అని. "బాగానే పరిగెత్తతాంది గదన్నా" అన్నాడు.

ఏప్రిల్ 19న టేపు పీకేసి ఉంటే కూడా ఎవరూ చూసి ఉండేవారు కాదు. లేక ఒకవేళ చూసి ఉంటే, నన్ను నాలుగు మాటలు అని ఉండేవారు. అంతే. దానికోసం.

జూలై 4. ఆదివారం

చంద్రగిరి దాకా బస్సులో పోయాను. అక్కడి నుంచి పల్లెకు నాలుగు కిలోమీటర్లు నడిచాను. షేర్ ఆటో ఉంది. ఎక్కలేదు. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగాను. అది కూడా రాయాలి.

ఇంటి ముందు రాళ్ళ పొయ్యి మీద గుడ్డలు ఉడుకుతున్నాయి. నిస్సి పుల్లతో కలుపుతోంది. చిక్కిపోయింది. నన్ను చూసి లేచింది.

"ఏం మునన్నా, ఈడికొచ్చినావు? అమ్మకేమన్నా అయిందా?"

ఏమీ కాలేదన్నాను. జేబులోంచి ప్రాసెసర్ పలక తీసి ఆమె చేతిలో పెట్టాను. తిప్పి చూసింది. అంచున పిన్నుల మీద ఎర్ర రంగు, పక్కన టేపు ముక్క.

"గోళ్ళరంగు గదన్నా ఇది" అంది.

చెప్పాను. టేపు ఎందుకు వేశానో చెప్పాను. రెండు వోల్టులు చాలక వేడికి అది తడబడిందని చెప్పాను. ఆ రోజు అందరికంటే ముందు నేను పోయి వరస సర్దేశాననీ, అందుకే లోపల 312 కనబడిందనీ చెప్పాను. ఆమె పోయిన మరుసటి రోజు రంగు పూశాననీ, అందుకే ఆమె పోయినాక తప్పులు రాలేదనీ చెప్పాను. ఇంత ఎక్కువ నేను ఎప్పుడూ ఒక్కసారిగా మాట్లాడలేదు. గుడ్డల నీళ్ళు పొంగి పొయ్యిలో పడ్డాయి. ఆమె కదల్లేదు.

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను.

"నిన్ను అడిగినాను గదన్నా" అంది.

పలకను మళ్ళీ తిప్పి చూసింది.

"గడప కాడ నిలబడి అడిగినాను. నువ్వు తల కూడా ఎత్తలేదు."

పలక నా చేతిలో పెట్టేసింది. "లోపలికి పో. ఆయనకు చెప్పు" అంది.

చిన్నబ్బ నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. యాభై అయిదు ఉంటుంది. ఎడమ మోకాలి కింద కట్టు. తలవైపు గోడకు మోటారు స్టార్టరు పెట్టె ఒకటి విప్పి ఆనించి ఉంది. కుప్పమ్మ నీళ్ళు ఇచ్చింది. తాగలేదు. నిలబడే చెప్పాను. కంప్యూటరు అంటే ఆయనకు తెలియదు, ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. ఉండాల్సిన దానికంటే వేగంగా తోలాను, దానికి తగినంత వోల్టేజి ఇవ్వలేదు, అది తప్పు చెప్పింది అన్నాను.

ఆయన స్టార్టరు పెట్టె వైపు చూశాడు.

"నా బోరు మోటారు మూడుసార్లు కాలిపోయిందప్పా" అన్నాడు. "లో ఓల్టేజీలో తోలితే కాలిపోతాదని నాకు తెల్సు. అయినా మడి ఎండిపోతాందని తోలినాను. తెలిసే తోలినాను. కాలింది నా మోటారు." నా వైపు తిరిగాడు. "నువ్వు?"

నేను అర్థం కానట్టు చూశాను. అర్థమైంది.

"నీకు తెలిసే తోలినావా, తెలీక తోలినావా?"

"మొదట తెలియదు" అన్నాను. తరువాత, "మీ రిపోర్టు వచ్చేటప్పటికి తెలుసు. వారం ముందే తెలుసు" అన్నాను.

ఆయన గోడ వైపు తిరిగాడు. కుప్పమ్మ నా చేతిలోంచి నీళ్ళ చెంబు తీసుకుంది.

"ఆ పిల్లను చీపురుతో కొట్టినాను నేను" అంది. నాతో కాదు. ఎవరితోనూ కాదు.

బయటికి వచ్చాను. నిస్సి మెట్టు మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ మోకాళ్ళ మీద చాపి పెట్టుకుని, పది వేళ్ళూ ఒక్కొక్కటిగా చూసుకుంటోంది. నేను దాటి పోతున్నా తల ఎత్తలేదు.

జూలై 5. సోమవారం

కరెంటు చూడలేదు. వేడి చూడలేదు.

జరిగింది రెండు పేజీలు రాసి, కింద సంతకం పెట్టి, తొమ్మిదిన్నరకు హరినాథ్ గారికి ఇచ్చాను. ప్రాసెసర్ పలక కూడా ఆయన ముందు పెట్టాను. బల్ల మీద కూర్చున్న పేషెంట్లు ఆరుగురు. వాళ్ళ ముందే ఇచ్చాను. ఆమెను పంపిందీ జనం ముందే కదా.

ఆయన రెండుసార్లు చదివారు. లేచి తలుపు వేయబోయి, జనాన్ని చూసి ఆగారు. గొంతు తగ్గించి మాట్లాడారు.

"ఎవురు చెప్పమన్నారప్పా నిన్ను ఇదంతా? రెండు నెలలైంది. అందరూ మరిచిపోయినారు. ఎవురు చెప్పమన్నారు?"

"ఎవురూ చెప్పమనలేదు సార్" అన్నాను. "అడిగినారు. మే ఏడో తేదీనే, నా అంగడి గడప కాడ నిలబడి అడిగినారు."